స్విఫ్ట్‌లో సౌండ్ సిస్టమ్: 60 వేలు ఉన్నాయి, ముందు ఏది మార్చాలి?

తెనాలి_స్విఫ్ట్ · మార్చి 4

అందరికీ నమస్కారం. నాది 2019 స్విఫ్ట్, పెట్రోల్. రోజూ తెనాలి నుంచి విజయవాడ వెళ్ళొస్తాను, అంటే దగ్గర దగ్గర రెండు గంటలు కారులోనే. కంపెనీ ఇచ్చిన స్టీరియో, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు, ఇప్పటిదాకా అవే.

ఊళ్ళో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పర్వాలేదు. రోడ్డు ఖాళీగా ఉండి 80 దాటితే టైర్ల మోతలో పాట మునిగిపోతుంది. వాల్యూమ్ పెంచితే గొంతు చీరుకుపోయినట్టు గరగరమంటుంది. మా నాన్నగారు వారానికోసారి డాక్టరు దగ్గరికి నాతో వస్తారు. ఆయనకి ఘంటసాల పాటలుంటే చాలు. మొన్న, "రాగం వినపడుతోందిరా, మాట వినపడట్లేదు" అన్నారు. అప్పటినుంచి ఇదే ఆలోచన.

ఒక షాపులో అడిగితే 4000 వాట్ల ఆంప్లిఫయర్, 12 ఇంచుల సబ్ (బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) బాక్సుతో సహా, వెనక ట్రే మీద రెండు ఓవల్ స్పీకర్లు, వైరింగ్ అంతా కలిపి 58 వేలు అన్నారు. డబ్బు కట్టేముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను. ఇది సరైన పద్ధతేనా?

పాలమూరు_బాస్ · మార్చి 4

అన్నా, నాది కూడా స్విఫ్టే. నేను 12 ఇంచుల సబ్ పెట్టించి రెండేండ్లయింది. డప్పు కొడితే సీటు కింది నుంచి గుండెకు తగుల్తది. సబ్ మాత్రం ఇడిచిపెట్టకు. వెనక ట్రే మీద ఓవల్ స్పీకర్లు మాత్రం వద్దు. స్విఫ్ట్ ట్రే పల్చగ ఉంటది, బాస్ కొట్టినప్పుడల్లా కటకట అంటది. పైగా పాట వీపు వెనక నుంచి వినిపిస్తది.

వైరింగ్_మాస్టారు · మార్చి 4

తమ్ముడూ, డబ్బు కట్టకుండా ఆగావు, మంచి పని చేశావు. నేను ఇరవై రెండేళ్ళుగా ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ఆ 4000 వాట్ల సంగతి ముందు తేలుద్దాం.

ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 13.8 నుంచి 14.4 వోల్టులు. 4000 వాట్లు రావాలంటే, ఆంప్ ఒక్క పిసరు కూడా వేడి కింద పోగొట్టకపోయినా, 290 ఆంపియర్లు లాగాలి. చిన్న కారు ఆల్టర్నేటర్ అందులో సగం కూడా ఇవ్వలేదు. డబ్బా మీద అచ్చేసే అంకె నమ్మొద్దు, ఆంప్ పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడు. రెండు 25 ఆంపియర్ల ఫ్యూజులుంటే మొత్తం 50. దాన్ని 13.8తో గుణిస్తే 690 వాట్లు లోపలికి. ఏబీ క్లాస్ అనే రకం ఆంప్ అయితే అందులో ఇంచుమించు 60 శాతం స్పీకర్లకి పోతుంది, మిగతాది వేడి. అంటే 400 చిల్లర. అదీ అన్ని చానెళ్ళూ కలిపి. కొనేటప్పుడు ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎంత అని ఒక్కటే అడుగు. మాక్స్, పీక్ అనే మాటలు వినపడితే పక్కన పెట్టేయ్.

నీ కంపెనీ స్టీరియో కూడా అంతే. ఇలాంటి డెక్కుల మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని రాస్తారు కానీ, శుభ్రంగా వచ్చేది ఒక్కో చానెల్‌కి 20 వాట్ల చుట్టుపక్కలే. దాన్ని మించి అడిగితే తల తెగిన అల వెళ్తుంది స్పీకర్‌కి. నీకు వినపడే గరగర అదే.

ఇక ముందు ఏం మార్చాలంటే, ఏదీ మార్చకు. ముందు డోర్లు సరిచేయించు.

తెనాలి_స్విఫ్ట్ · మార్చి 5

మాస్టారూ, చాలా థాంక్సండీ. షాపులో ఫ్యూజులు చూస్తానంటే డబ్బా విప్పడానికి ఒప్పుకోలేదు, వచ్చేశాను. కానీ డోర్లు సరిచేయడమంటే అర్థం కాలేదు. స్పీకర్లు మార్చకుండా డోరుకి ఏం చేస్తారు?

ఫిజిక్స్_టీచర్ · మార్చి 5

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

స్పీకర్ కోన్ ముందుకి కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకవైపు గాలి పలచబడుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. రెండూ కలిస్తే రద్దయిపోతాయి. సన్నటి శబ్దాల తరంగాలు పొట్టివి, అవి వెనక్కి పెద్దగా చుట్టుకు రావు. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. దానికి డోరు లోపలి రేకుకున్న కన్నాలు అడ్డే కావు. అందుకే ముందు పోయేది బాసే.

ఇంట్లో స్పీకర్‌కి చెక్కపెట్టె ఉంటుంది కదా. కారులో ఆ పెట్టె డోరే. డోర్ ప్యాడ్ తీసి చూడండి: లోపలి రేకుకి చేతులు పట్టేంత కన్నాలు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు. పెట్టెకి ఇంత కన్నం పెట్టి, అందులో ఎంత ఖరీదైన స్పీకర్ పెడితే మాత్రం ఏం లాభం?

మరో లెక్క. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. అదే స్పీకర్ సెన్సిటివిటీ (ఒక్క వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 88కి బదులు 91 ఉన్నది ఎంచుకుంటే, ఆంప్ ముట్టుకోకుండానే వాట్లు రెట్టింపు చేసినట్టు. లీకులు మూస్తే బాస్‌లో వచ్చే తేడాకి రూపాయి కరెంటు కూడా ఖర్చు కాదు.

కువైట్_డ్రైవర్ · మార్చి 5

అన్నా, మాది రాజంపేట పక్కన. ఇక్కడ పదకొండేండ్లుగా బండి తోల్తాండా. డోర్ షీట్ల గురించి ఒక్క మాట చెప్పాల. తారు షీటు వేయించుకోవద్దు. తక్కువకొస్తాదని మొదట్లో నేను అదే వేసినా. ఎండాకాలం పార్కింగ్‌లో పెట్టి సాయంత్రం డోర్ తెరిస్తే బండంతా తారు వాసన. నెలకంతా షీటు జారి డోర్ అడుక్కి పడిపోయ, అద్దం దించేది తగులుకొని నిలిచిపోయ. ప్యాడ్ ఇప్పి చూస్తే నల్లగా బంకబంకగా ఉండాది. కిరసనాయిలు పెట్టి రెండు దినాలు తుడిచినా.

బ్యూటైల్ షీటే తీసుకో, పైన అల్యూమినియం రేకు ఉండేది, 2 మిల్లీమీటర్లది. చేత్తో అతికిచ్చి వదిలేయాకండి, రోలర్‌తో గట్టిగా తొక్కాల. రేకు మీదుండే గడులు సాపయ్యేదాంక తొక్కితేనే అంటుకున్నట్టు. మన కొత్తగూడెం, రామగుండం ఎండలు ఇక్కడి ఎండలకి తీసిపోవు.

వైజాగ్_అల · మార్చి 6

షీటు వేసేటప్పుడు డోరు కింద అంచులో నీళ్ళు పోయే చిన్న కన్నాలుంటాయి, అవి మాత్రం మూయకండి. అద్దం మీద పడిన వాన నీళ్ళు డోరు లోపలినుంచే కిందికి దిగుతాయి. మా తమ్ముడి కారుకి షాపువాళ్ళు అడుగుదాకా నున్నగా అతికించేశారు. రెండు వానలు పడ్డాక డోర్ మూస్తే లోపల బిందెలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు. ఏడాది తిరక్కుండా కింద అంచు తుప్పు పట్టింది. మాది సముద్రం పక్క, ఇక్కడ తుప్పు మామూలుగానే తొందర.

ఇంకొకటి, ప్లాస్టిక్ కవరు పారేయకండి. అద్దం మోటారు ఎప్పుడైనా చెడితే తీసి పెట్టుకోవాల్సిన చోట షీటుకి బదులు ప్లాస్టిక్ పలక స్క్రూలతో బిగించి, చుట్టూ షీటు వేస్తే మళ్ళీ విప్పుకోవచ్చు.

తెనాలి_స్విఫ్ట్ · మార్చి 17

ముందు డోర్లు రెండూ అయిపోయాయి! ఉగాదికి ముందు ఆదివారం, మా బావమరిదీ నేనూ ఇంటి వసారాలో కూర్చుని చేశాం. ఒక్కో డోరుకి నాలుగు గంటలు పట్టింది.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాం. డోర్ హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, ఆర్మ్‌రెస్టులో ఇంకొకటి, చుట్టూ క్లిప్పులు. మొదటి క్లిప్పు పటుక్కుమన్నప్పుడు చేతులు వణికాయి, విరిగిందేమోనని. లోపల చూస్తే టీచర్ గారు చెప్పినట్టే ఉంది. నా చేయి మోచేతి దాకా దూరేంత కన్నం. కంపెనీ స్పీకర్ అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. అయస్కాంతం పెద్ద రూపాయి బిళ్ళంత, కోన్ కాగితంది.

బయటి రేకుని వేలి గణుపుతో కొడితే డబ్బా మోగినట్టు మోగేది. దుమ్ము తుడిచి, పెట్రోలు గుడ్డతో జిడ్డు తీసి, ఆరాక షీటు వేసి రోలర్‌తో తొక్కాం. తర్వాత అదే చోట కొడితే దిమ్మ మీద కొట్టినట్టు 'దుప్' అంది. ఆ చప్పుడు మా బావమరిది పదిసార్లు కొట్టి విన్నాడు. కింద కన్నాలు వదిలేశాం. పాత స్పీకర్లే మళ్ళీ పెట్టాం.

డోర్ మూస్తే పెద్ద కారు డోర్ మూసినట్టు ఉంది. పాటలో బాస్ గిటారు ఏ స్వరం వాయిస్తున్నాడో మొదటిసారి విడిగా వినపడింది, ఆ కాగితం స్పీకర్లలోనే! షీట్లకి, రోలర్‌కి కలిపి 4,800 అయింది. ఇప్పుడు స్పీకర్ల సంగతి చెప్పండి.

పాలమూరు_బాస్ · మార్చి 17

జబర్దస్త్ పని చేసినవ్ అన్నా. నేను సబ్‌కే పైసలన్నీ పెట్టిన, డోర్లు ముట్టనే లేదు. నీ పోస్టు చదివి పొయ్యి నా డోర్ మీద కొట్టి చూసిన. డబ్బా లెక్కనే మోగుతున్నది. ఈ ఎండాకాలం నేను కూడా మొదలువెడ్త.

వైరింగ్_మాస్టారు · మార్చి 18

శభాష్ తమ్ముడూ. స్పీకర్లకి రెండు దారులు. కోయాక్సియల్ అంటే కోన్ మధ్యలోనే ట్వీటర్ (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) ఉంటుంది, బిగించడం తేలిక. కాంపొనెంట్ అంటే ట్వీటర్ వేరు, మధ్యలో సన్నటి శబ్దాల్ని, మిగతావాటిని విడదీసే క్రాసోవర్ డబ్బీ వేరు. డోర్ స్పీకర్ నీ మోకాలి దగ్గర ఉంటుంది. సన్నటి శబ్దాలు సూటిగా పోతాయి కాబట్టి అక్కడున్న ట్వీటర్ నీ కాలికి పాట వినిపిస్తుంది. నాన్నగారికి మాట వినపడకపోవడానికి సగం కారణం ఇదే. పాటలో స, శ, త, చ లాంటి హల్లులన్నీ పైనుండే శబ్దాలే. అందుకే ముందు డోర్లకి కాంపొనెంటే తీసుకో, ట్వీటర్ అద్దం మూల త్రికోణంలో పెట్టించు. 'ఏ' పిల్లర్, అంటే ముందు గాజు పక్కనుండే స్తంభం, దాని మీద పెట్టడం చాలామందికి ఇష్టమే. కానీ ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఆ పిల్లర్ లోపలినుంచే వస్తుంది. నీ కారులో అది లేదు. ఇది చదివే మిగతావాళ్ళు మాత్రం పిల్లర్ జోలికి పోకండి. పసుపు రంగు కప్లర్ ఎక్కడ కనపడినా ముట్టుకోవద్దు, అది ఎయిర్‌బ్యాగుది.

కంపెనీ పేరు నేను చెప్పను. హెర్ట్జ్, ఫోకల్, జేబీఎల్, పయనీర్, ఏదైనా నీ చెవికి నచ్చాలి. ఇంటినుంచి నీ పాట పట్టుకెళ్ళు, షాపువాడి పాటకి పడిపోకు. కొనేముందు అద్దం పూర్తిగా దించి, స్పీకర్ బిగించే చోటు నుంచి అద్దం దాకా లోతు కొలువు. అది చూసుకోక స్పీకర్ కొన్నాక అద్దం దిగక తిరిగొచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

స్పీకర్‌కి, డోరు రేకుకి మధ్య పెట్టే స్పేసర్ రింగు ఎండీఎఫ్‌తో (చెక్కపొడి నొక్కి చేసిన పలకతో) చేస్తారు, కత్తిరించడం తేలికని. నువ్వు మాత్రం మెరైన్ ప్లైవుడ్ అడుగు. ఎండీఎఫ్‌కి నీళ్ళు తగిలితే టీలో ముంచిన రస్కులా ఉబ్బుతుంది, స్క్రూ పట్టు పోతుంది. ఒకవేళ ఎండీఎఫే దొరికితే రెండు పూతలు పెయింటు వేసి పెట్టు.

డాలస్_కారు · మార్చి 18

మాస్టారి మాటకి చిన్న జోడింపు. డెక్ మార్చే ఆలోచన ఉంటే, టైమ్ అలైన్‌మెంట్ (దగ్గరున్న స్పీకర్లని కొంచెం ఆలస్యం చేసి అన్నిటి శబ్దం ఒకేసారి చెవికి చేర్చడం) ఉన్నది, ఆర్‌సీఏ ప్రీఅవుట్లు (ఆంప్‌కి సిగ్నల్ పంపే సాకెట్లు) మూడు జతలు ఉన్నది వెతకండి. తర్వాత విడిగా డీఎస్పీ (ఈ సర్దుబాట్లన్నీ చేసే డబ్బీ) కొనే ఖర్చు తప్పుతుంది. నేను ఇక్కడ నా క్యామ్రీకి కంపెనీ డెక్ ఉంచేసి డీఎస్పీ పెట్టుకోవాల్సొచ్చింది, ఎందుకంటే ఏసీ, కెమెరా అన్నీ ఆ స్క్రీన్‌లోనే ఉన్నాయి. స్విఫ్ట్‌లో మీకు ఆ ఇబ్బంది లేదు. కారు వైరు కోయకుండా కప్లర్ హార్నెస్ తీసుకోండి. స్టీరింగ్ మీద బటన్లు పనిచేయడానికి కావాల్సిన వైరు కూడా అందులోనే ఉందో లేదో అడగండి.

తెనాలి_స్విఫ్ట్ · ఏప్రిల్ 9

డెక్, కాంపొనెంట్లు, నాలుగు చానెళ్ళ ఆంప్ కొన్నాను. డెక్ టైమ్ అలైన్‌మెంట్ ఉన్న పయనీర్. ఆంప్ 4 ఓమ్స్ దగ్గర చానెల్‌కి 60 వాట్ల ఆర్‌ఎంఎస్, ఫ్యూజులు రెండు 25లు. మాస్టారూ, ఫ్యూజులు చూశాకే కొన్నాను! సబ్ దగ్గర ఆగాను. వెనక డిక్కీలో అమ్మ ఊరినుంచి బియ్యం బస్తా తెస్తుంది, అది పట్టాలి.

పాలమూరు_బాస్ · ఏప్రిల్ 9

అన్నా, స్విఫ్ట్ డిక్కీ 268 లీటర్లు. 10 ఇంచుల సబ్‌కి సీల్డ్ (కన్నం లేని) బాక్స్ చేయిస్తే 20 లీటర్ల లోపల సరిపోయేవి దొరుకుతయి. ఒక మూలకు పెట్టిస్తే బస్తా పడ్తది. పోర్టెడ్ (గాలి కన్నం ఉన్న) బాక్స్ మోత ఎక్కువిస్తది గానీ సైజు పెద్దగైతది. సీటు కింద పట్టే 8 ఇంచుల సబ్బులు కూడా వస్తున్నయి. జాగా అస్సలు లేకుంటే అది తీస్కో. నాది పోర్టెడ్, కూడళ్ళల్ల అందరు తిరిగి చూస్తరు. కానీ మన మేళం, మృదంగం ఎక్కువ ఇంటాంటే మాత్రం సీల్డే బాగుంటది, దెబ్బ పడంగనే ఆగుతది, సాగదు.

ఫిజిక్స్_టీచర్ · ఏప్రిల్ 9

బాస్ గారు చెప్పింది ముమ్మాటికీ నిజం. సీల్డ్ పెట్టెలో లోతు శబ్దాలు ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతాయి. చిన్న కారు లోపలి గాలి ఆ కింది శబ్దాలనే పెంచుతుంది. ఒకటి తగ్గించింది ఇంకొకటి పూడుస్తుంది. పోర్టెడ్ పెట్టె దాని ట్యూనింగ్ కింద 24 చొప్పున పడిపోతుంది.

కూడళ్ళలో వినిపించే విషయంలో మాత్రం ఒక మాట. ఇళ్ళున్న చోట శబ్దం హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. అది పక్కవాళ్ళ కోసం. మీ చెవి కోసం వేరే లెక్క ఉంది. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు, 88లో 4 గంటలు, 91లో 2 గంటలు, ఆ తర్వాత చెవి లోపలి సన్నటి వెంట్రుక కణాలు దెబ్బతినే ప్రమాదం. అవి పోతే మళ్ళీ మొలవవు. పాట ఇంత ప్రేమించేవాళ్ళు ఆ చెవుల్ని కూడా ప్రేమించాలి.

పాలమూరు_బాస్ · ఏప్రిల్ 10

సరే మేడమ్. సబ్ లెవెల్ రెండు పాయింట్లు తగ్గించిన ఇయ్యాల. నిజంగనే పాట ఇంకా మంచిగ వినిపిస్తున్నది.

వైరింగ్_మాస్టారు · ఏప్రిల్ 10

ఇక నా పేట. వైరింగ్ జాగ్రత్తగా చదువు తమ్ముడూ, కారు తగలబడేది ఇక్కడే.

ముందు రెండు చానెళ్ళు కాంపొనెంట్లకి, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, సబ్‌కి. బ్రిడ్జ్ చేస్తే మీ ఆంప్ మీద 4 ఓమ్స్‌కి ఎంత రాశారో చూడు, 180 అనుకుందాం. మొత్తం 300 వాట్లు, 60 శాతం లెక్కన 500 లోపలికి, అంటే 36 ఆంపియర్లు. 8 గేజి అసలు రాగి తీగ, ఐదు మీటర్లు, వోల్టులో మూడో వంతుకి పైగా దారిలోనే తింటుంది. 4 గేజి, అంటే 21 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.15 వోల్టుతో పోతుంది. 4 గేజే వేయి.

అసలు రాగి అన్నాను, ఎందుకంటే బజార్లో అల్యూమినియం తీగకి రాగి పూత పూసి అమ్ముతారు. చివర బ్లేడుతో గీకు, లోపల తెల్లగా కనపడితే వద్దు. చేతిలో పట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది. బిగించిన కొన్నాళ్ళకి లగ్గు (తీగ చివర బోల్టుకి బిగించే రింగు) దగ్గర వదులై వేడెక్కుతుంది.

బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే మెయిన్ ఫ్యూజు. 60 ఆంపియర్లు. ఆ ఫ్యూజు ఆంప్ కోసం కాదు, తీగ కోసం. ఇంజను గది నుంచి లోపలికొచ్చే కన్నంలో రేకు అంచు తీగ తోలుని కోస్తే, ఫ్యూజు లేని తీగ బ్యాటరీని నేరుగా బాడీకి కలిపేస్తుంది. రబ్బరు బుష్ లేకుండా ఆ కన్నంలో తీగ దూర్చనివ్వకు. పొడుగూతా మడతల స్లీవ్ తొడుగు. ఎలుకల బెడద మన దగ్గర తెలిసిందే కదా.

బాడీ ఎర్త్ అరమీటరు లోపు, అంతే లావు తీగతో. పెయింటు గీకి, మెరిసే రేకు కనపడ్డాక బోల్టు బిగించి, పైన వాసెలిన్ రాయాలి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు. పవర్ తీగ ఒక పక్క, ఆర్‌సీఏ తీగలు ఇంకో పక్క.

తెనాలి_స్విఫ్ట్ · ఏప్రిల్ 28

కష్టంలో ఉన్నాను, సాయం చేయండి. 10 ఇంచుల సబ్ కూడా తీసుకుని, వైరింగ్ నావల్ల కాదని ఒక షాపులో చేయించాను. రెండు సమస్యలు.

ఒకటి, వాల్యూమ్ సగం దాటగానే ఆంప్ మీద ఎర్ర దీపం వెలిగి మొత్తం ఆగిపోతోంది. రెండు, ఇంజను నడుస్తుంటే స్పీకర్లలో 'కుయ్య్' అని సన్నటి కూత. యాక్సిలరేటర్ తొక్కితే కూత పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. పాట ఆపినా ఉంటోంది. నాన్నగారు దోమ అనుకుని రెండుసార్లు చెంప మీద కొట్టుకున్నారు. షాపుకెళ్తే "ఇంత సిస్టమ్‌కి ఆ మాత్రం ఉంటుంది" అంటున్నారు. చాలా బాధగా ఉంది, ఇంత కష్టపడి డోర్లు చేసి.

వైరింగ్_మాస్టారు · ఏప్రిల్ 28

ఆ మాత్రం ఉండదు, అస్సలు ఉండకూడదు. బెంగపడకు, రెండూ పోతాయి.

మొదటిది, సబ్ వెనక ఎన్ని జతల టెర్మినల్స్ ఉన్నాయి? రెండు జతలుంటే డబుల్ కాయిల్. ఒక్కోటీ 2 ఓమ్స్ అయితే, సిరీస్‌లో కలిపితే 4, పారలల్‌లో కలిపితే 1. బ్రిడ్జ్ చేసిన ఆంప్ 1 ఓమ్‌ని మోయలేదు, ప్రాణం కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మల్టీమీటరు పెట్టి కొలువు, ఒకటికి దగ్గరగా చూపిస్తే తప్పు దొరికినట్టే.

రెండోది ఆల్టర్నేటర్ కూత, నూటికి తొంభై ఎర్త్ దగ్గరే. ఇంజను ఆపి, ఆంప్ దగ్గర ఆర్‌సీఏలు పీకేసి, మళ్ళీ స్టార్ట్ చేసి విను. కూత పోతే తప్పు ఆంప్ పవర్ సైడు కాదు, ఆర్‌సీఏ తీగ ద్వారా వస్తోంది. ఆ తర్వాత ఆర్‌సీఏలు పెట్టి, ఇంజను నడుస్తుండగా గట్టిగా పాట పెట్టు. మీటరు డీసీ వోల్టుల్లో ఉంచి, పొడుగు తీగ సాయంతో ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఆంప్ ఎర్త్ టెర్మినల్ మీద పెట్టు. 0.1 వోల్టు దాటకూడదు.

తెనాలి_స్విఫ్ట్ · ఏప్రిల్ 30

మాస్టారూ, మీ కాళ్ళకి దండం.

సబ్ 1.1 ఓమ్స్ చూపించింది. తీగలు మార్చి సిరీస్‌లో పెడితే 4 దగ్గరికొచ్చింది. ఎర్ర దీపం మళ్ళీ వెలగలేదు.

ఆర్‌సీఏలు పీకితే కూత పోయింది. ఎర్త్ దగ్గర 0.42 వోల్టులు! డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే లగ్గు పెయింటు మీదే బిగించేశారు, వాషర్ కింద కారు రంగు చెక్కుచెదరకుండా తళతళలాడుతోంది. కరెంటు తిరిగెళ్ళడానికి దారి లేక ఆర్‌సీఏ తీగ చుట్టూ ఉండే అల్లిక వెంట డెక్ దాకా పాకుతోందన్నమాట. గరుకు కాగితంతో రూపాయి బిళ్ళంత మేర రేకు మెరిసేదాకా రుద్దాను. బిగించాక కొలిస్తే 0.03. స్టార్ట్ చేసి, పాట ఆపి, యాక్సిలరేటర్ తొక్కాను. ఏమీ లేదు. నిశ్శబ్దం వినడానికి పది నిమిషాలు అలాగే కూర్చున్నాను.

వైజాగ్_అల · ఏప్రిల్ 30

చదువుతుంటేనే హాయిగా ఉంది. ఆరు నెలలకోసారి ఆ బోల్టు విప్పి చూసుకోండి. మా వైపయితే మూడు నెలలకే పచ్చటి చిలుము వస్తుంది.

వైరింగ్_మాస్టారు · మే 1

ఇప్పుడు గెయిన్. ఆంప్ మీద ఆ గుండ్రటి స్క్రూ వాల్యూమ్ కాదు, డెక్ ఇచ్చే వోల్టేజికి ఆంప్‌ని సరిపెట్టే తాళం. చాలామంది చివరిదాకా తిప్పేసి ట్వీటర్లు కాల్చుకుంటారు. స్పీకర్ తీగలు ఆంప్ నుంచి విప్పు. డెక్‌లో ఈక్వలైజర్ సున్నా, వాల్యూమ్ నాలుగింట మూడు వంతులు. 1000 హెర్ట్జ్ టోన్ పెట్టి, మీటరు ఏసీ వోల్టుల్లో ఉంచి కొలువు. 60 వాట్లని 4 ఓమ్స్‌తో గుణిస్తే 240, దాని వర్గమూలం 15.5. మీటరు 15.5 చూపగానే ఆపు. సబ్‌కి 50 హెర్ట్జ్ టోన్, 180 ఇంటూ 4 అంటే 720, వర్గమూలం 26.8. డోర్లకి 80 హెర్ట్జ్ హై పాస్ (దానికి పైవే పోనిస్తుంది), సబ్‌కి 80 లో పాస్ (దానికి కిందివే పోనిస్తుంది). డోర్ స్పీకర్లని బాస్ మోత నుంచి తప్పిస్తే గొంతు తేటపడుతుంది.

డాలస్_కారు · మే 1

గెయిన్ అయ్యాక టైమ్ అలైన్‌మెంట్ చేయండి, ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. మనం కారులో మధ్యలో కూర్చోం కదా. మీకు కుడి స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. ఇక్కడ నాకు తిరగేసి. దగ్గరున్న స్పీకర్ శబ్దం ముందు చెవికి చేరి, పాటంతా ఆ డోరులో కూర్చున్నట్టు అనిపిస్తుంది.

టేపు తీసుకుని, తల ఉండే చోటు నుంచి ఒక్కో స్పీకర్‌కి దూరం కొలవండి. సబ్ 190 సెంటీమీటర్లు, ఎడమ డోరు 130, కుడి డోరు 85 అనుకుందాం. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34.3 సెంటీమీటర్లు పోతుంది. అన్నిటికన్నా దూరం సబ్, దానికి ఆలస్యం సున్నా. ఎడమ డోరు 60 దగ్గర, 60ని 34.3తో భాగిస్తే 1.75 మిల్లీసెకన్లు. కుడి డోరు 105 దగ్గర, 3.06. ట్వీటర్లకీ ఇదే లెక్క. కొన్ని డెక్కులు సెంటీమీటర్లే అడుగుతాయి, లెక్క అవే చేసుకుంటాయి.

సరిగా కుదిరిందో లేదో చూడటానికి మీ నాన్నగారి పాటలే మంచి పరీక్ష. ఆ కాలం సినిమా పాటలు మోనోలో రికార్డయ్యాయి, అంటే కుడిలోనూ ఎడమలోనూ ఒకటే. స్టీరియోగా మార్చి మళ్ళీ విడుదల చేసినవి కాకుండా పాత మోనోవే వెతికి పెట్టండి. గొంతు డాష్‌బోర్డు మధ్యలో ఒక్క చోట నిలబడాలి. పక్కకి జరిగితే ఆ వైపు ఒకటి రెండు సెంటీమీటర్లు మార్చి వినండి.

తెనాలి_స్విఫ్ట్ · మే 19

రెండు సాయంత్రాలు పట్టింది. గెయిన్ మీటరు చెప్పిన చోటే ఆపాను. నేను అనుకున్నదాంట్లో సగం కూడా తిప్పలేదు స్క్రూ. టేపు మా బావమరిది పట్టుకున్నాడు. మొదట గొంతు కుడి అద్దం దగ్గరే అంటుకుని ఉంది. అంకెలు ఎక్కించాక కళ్ళు మూసుకున్నాను. గొంతు జారుకుంటూ వచ్చి గాజు ముందు, స్టీరింగ్‌కి కాస్త ఎడమగా ఆగింది. ఎడమ ట్వీటర్ రెండు సెంటీమీటర్లు మార్చాను, మధ్యకొచ్చింది. మనిషి అక్కడ నిలబడి పాడుతున్నట్టే ఉంది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది.

డెక్‌లో రెండు సెట్టింగులు దాచుకున్నాను. ఒకటి నాకు. రెండోది నాన్నగారు కూర్చునే ఎడమ సీటుకి, అక్కడ కూర్చుని మళ్ళీ అన్నీ కొలిచాను.

ఖర్చు అడుగుతారని చెప్తున్నాను. షీట్లు 4,800, డెక్ 17 వేలు, కాంపొనెంట్లు 11 వేలు, ఆంప్ 12,500, సబ్, బాక్సు కలిపి 8,500, రాగి తీగలు, ఫ్యూజు, స్పేసర్లు 4,200. షాపు మజూరీ 2,500 వేరే. 60 వేలు అరవై వందలు దాటింది. వెనక డోర్ స్పీకర్లు కంపెనీవే, చాలా తక్కువలో మోగుతున్నాయి. మార్చాలా?

వైరింగ్_మాస్టారు · మే 19

తమ్ముడూ, కూడితే 60,500 వస్తోంది, అయిదు వందలే దాటావు. వెనక స్పీకర్లు అలాగే ఉంచు. ముందు వినేవాళ్ళకి వాటితో పనిలేదు. ఆ డబ్బుతో వెనక డోర్లకి షీట్లు వేయించు, రోడ్డు మోత ఇంకా తగ్గుతుంది.

తెనాలి_స్విఫ్ట్ · మే 19

అవునండీ, తప్పు టైప్ చేశాను, అయిదు వందలే. షీట్లు వచ్చే నెల.

కువైట్_డ్రైవర్ · మే 20

అన్నా, నాయన ఏమన్నె? అది చెప్పలేదు నువ్వు.

తెనాలి_స్విఫ్ట్ · మే 22

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. ఆయనకి ఏమీ చెప్పలేదు, రెండో సెట్టింగు పెట్టి పాట వేశాను. హైవే మీద 80లో ఉన్నాం. పల్లవి అయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత చేయి చాచి, వాల్యూమ్ ఆయనే కొంచెం తగ్గించారు. చరణం మొదలయ్యాక ప్రతి మాటా పెదవులతో కలుపుతూ పాడారు. మంగళగిరి దాటాక "ఇందాకటి పాట మళ్ళీ వెయ్యి" అన్నారు.